లైవ్ సెట్‌లో సాఫ్ట్ సింథ్: డాంగిల్ వెంట తీసుకెళ్లాలా? నాబ్ తిప్పితే సౌండ్ ఎందుకు దూకుతోంది?

నాదబిందు
అందరికీ నమస్కారం. ఇంతకాలం సాఫ్ట్‌వేర్ సింథ్‌లు (కంప్యూటర్‌లో నడిచే సింథసైజర్లు) రికార్డింగ్‌కే వాడాను. ఇప్పుడు మొదటిసారి ల్యాప్‌టాప్‌తో స్టేజీ మీద వాయించబోతున్నాను. రెండు విషయాల్లో టెన్షన్‌గా ఉంది.

ఒకటి లైసెన్సు. నేను ఎక్కువగా వాడే సింథ్‌కి ఐలాక్ (లైసెన్సుని సరిచూసే పద్ధతి) ఉండాలి. ప్రస్తుతం లైసెన్సు యూఎస్‌బీ డాంగిల్‌లో (పోర్టులో గుచ్చే చిన్న తాళం లాంటి పరికరం) ఉంది. నా ల్యాప్‌టాప్‌కి ఉన్నవి రెండే పోర్టులు. ఒకదాంట్లో ఆడియో ఇంటర్‌ఫేస్, ఇంకోదాంట్లో మిడీ కంట్రోలర్ (నేను వాయించేదీ తిప్పేదీ మిడీ సందేశాలుగా కంప్యూటర్‌కి పంపే పరికరం). డాంగిల్ కోసం హబ్ పెట్టుకోవాలా, లేక లైసెన్సుని ల్యాప్‌టాప్‌లోకే మార్చుకోవాలా?

రెండోది నాబ్‌లు. కంట్రోలర్ మీద ఒక నాబ్‌ని మిడీ లెర్న్‌తో (నాబ్ తిప్పి చూపిస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టే పద్ధతి) ఫిల్టర్ కటాఫ్‌కి (ఏ పౌనఃపున్యం దాటాక సౌండ్ తగ్గాలో చెప్పే హద్దు) కలిపాను. ప్రీసెట్ (దాచిపెట్టిన సౌండ్ సెట్టింగ్) మార్చి ఆ నాబ్ ముట్టుకోగానే సౌండ్ ఎక్కడికో దూకేస్తోంది. పైగా రెజొనెన్స్ (కటాఫ్ దగ్గరి సౌండ్‌ని ఎత్తి చూపేది) పెంచి నెమ్మదిగా తిప్పితే మెట్లు మెట్లుగా వినిపిస్తోంది. కంట్రోలర్ పాడైందా?

పాతతీగ
కంట్రోలర్ నిక్షేపంగా ఉంది, కంగారు పడకండి. మీరు చెప్పిన రెండు లక్షణాలకీ కారణాలు వేరువేరు.

దూకడం సంగతి ముందు చెప్తాను. మీ నాబ్‌కి తను ఏ కోణంలో ఉందో తెలుసు గానీ, సింథ్‌లో ప్రీసెట్ మారిన విషయం తెలియదు. కొత్త ప్రీసెట్‌లో కటాఫ్ 30 దగ్గర ఉంది, మీ నాబ్ 100 దగ్గర ఉంది అనుకోండి. కొంచెం కదపగానే అది 101 అని పంపుతుంది. సింథ్ వెంటనే 30 నుంచి 101కి వెళ్లిపోతుంది.

దీనికి మూడు మార్గాలున్నాయి. పికప్ మోడ్ పెట్టుకుంటే (కొందరు సాఫ్ట్ టేకోవర్ అంటారు) నాబ్ ఆ 30ని దాటేవరకూ సింథ్ కదలదు. సౌండ్ దూకదు కానీ, పాట మధ్యలో ఆ 30 ఎక్కడుందో వెతుక్కుంటూ తిప్పాలి. స్కేల్ మోడ్‌లో నాబ్ కదలికని మిగిలిన దూరానికి సరిపడా కుదించి సర్దుకుంటూ వస్తుంది. వినడానికి హాయిగా ఉంటుంది కానీ చేతి లెక్క తప్పుతుంది.

నాకు నచ్చింది మూడోది, ఎండ్‌లెస్ ఎన్‌కోడర్. దానికి మొదలూ చివరా ఉండవు. ఎన్ని చుట్లైనా తిరుగుతుంది. అది తనున్న స్థానాన్ని పంపదు, "కొంచెం పైకి", "కొంచెం కిందికి" అని మాత్రమే పంపుతుంది. కాబట్టి దూకే ప్రశ్నే రాదు. ఒక్క జాగ్రత్త ఉంది. ఈ పైకీ కిందికీ సందేశాలని రాసే పద్ధతులు రెండు మూడు రకాలున్నాయి. కంట్రోలర్‌లో ఏది ఎంచుకున్నారో హోస్ట్ ప్రోగ్రామ్‌లోనూ (సింథ్‌ని తనలో నడిపే సాఫ్ట్‌వేర్) అదే ఎంచుకోవాలి. లేకపోతే కుడికి తిప్పినా కిందికి పడిపోతుంది.

తాళంచెవి
లైసెన్సు ప్రశ్నకి నేను చెప్తాను.

డాంగిల్ పెన్‌డ్రైవ్ లాంటిది కాదు. లోపల ఒక సెక్యూరిటీ చిప్ ఉంటుంది. రహస్య కీ ఆ చిప్‌లోనే ఉంటుంది, దాన్ని బయటికి చదవనివ్వదు. ప్రోగ్రామ్ ఏదో ఒక సంఖ్యని పంపి జవాబు అడుగుతుంది. చిప్ తన కీతో లెక్క కట్టి జవాబిస్తుంది. ప్రతిసారీ అడిగే సంఖ్య మారుతుంది కాబట్టి పాత జవాబుని దాచుకుని మళ్లీ చూపిస్తే చెల్లదు. ఇదంతా చాలా చిన్న డేటా. అందుకే డాంగిల్‌ని నిశ్చింతగా హబ్‌లో పెట్టొచ్చు. మిడీ కంట్రోలర్ కూడా హబ్‌లోకి పోవచ్చు. ఆడియో ఇంటర్‌ఫేస్‌ని మాత్రం ల్యాప్‌టాప్ పోర్టులోనే నేరుగా పెట్టండి. వీలైతే సొంత పవర్ అడాప్టర్ ఉన్న హబ్ తీసుకోండి. విండోస్ అయితే పవర్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపెయ్యండి, లేకపోతే సిస్టమ్ కరెంటు పొదుపు కోసం పరికరాలని నిద్రపుచ్చే ప్రమాదం ఉంది.

ఇక ఐలాక్ లైసెన్సు మూడు చోట్ల ఉండొచ్చు: యూఎస్‌బీ డాంగిల్‌లో, కంప్యూటర్‌లో, క్లౌడ్‌లో. ఏది కుదురుతుందో తేల్చేది ప్లగిన్ (హోస్ట్‌లో నడిచే మీ సింథ్ లాంటి ప్రోగ్రామ్) తయారు చేసిన కంపెనీ. కొన్ని డాంగిల్‌నే ఒప్పుకుంటాయి, కొన్ని మూడింటినీ ఒప్పుకుంటాయి. ఐలాక్ లైసెన్స్ మేనేజర్ ప్రోగ్రామ్ తెరిచి మీ లైసెన్సు వివరాలు చూస్తే తెలిసిపోతుంది. స్టేజీకి క్లౌడ్ మాత్రం వద్దు. దానికి ఇంటర్నెట్ ఆగకుండా ఉండాలి.

బీట్‌బాబు
ఇంత తలనొప్పి ఎందుకండీ, క్రాక్ వెర్షన్ వేసుకుంటే డాంగిల్ గొడవే ఉండదు కదా.

నిర్వాహకులు
బీట్‌బాబు గారూ, క్రాక్‌ల గురించిన సలహాలకి ఇక్కడ చోటు లేదు. ఇది మొదటి హెచ్చరిక. చర్చ కొనసాగించండి.

మంద్రం
మెట్లు మెట్లుగా ఎందుకు వినిపిస్తోందో ఎవరూ చెప్పలేదు, నేను ప్రయత్నిస్తాను. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది.

మిడీ 1983లో వచ్చింది. మామూలు కంట్రోల్ సందేశంలో విలువకి 7 బిట్లే ఉంటాయి. అంటే 0 నుంచి 127 వరకు, మొత్తం 128 విలువలు. వాల్యూమ్‌కి అది చాలు. ఫిల్టర్ కటాఫ్‌కి చాలదు. ఎందుకో లెక్క చూడండి. 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు అంటే దాదాపు 10 ఆక్టేవ్‌లు (స్థాయిలు), అంటే ఇంచుమించు 120 సెమీటోన్లు (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాలు). వాటిని 127 మెట్లలో పంచితే ఒక్కో మెట్టు దాదాపు ఒక సెమీటోన్ అవుతుంది! రెజొనెన్స్ తక్కువగా ఉన్నప్పుడు చెవి పట్టుకోదు. రెజొనెన్స్ పెంచితే ఫిల్టరే ఈల వేసినట్టు పలుకుతుంది కదా, అప్పుడు మీరు నాబ్ తిప్పుతుంటే ఎవరో స్వరాలు ఒక్కొక్కటే ఎక్కుతున్నట్టు వినిపిస్తుంది. మీరు వింటున్నది అదే.

అన్నిటికన్నా తేలిక మందు: నాబ్‌కి మొత్తం పరిధి ఇవ్వకండి. పాటలో మీకు నిజంగా కావలసింది ఏ మూడు ఆక్టేవ్‌లో చూసుకుని, మ్యాపింగ్‌లో కనిష్ఠం, గరిష్ఠం అక్కడికే బిగించండి. 36 సెమీటోన్లు 127 మెట్లలో పంచితే ఒక్కోటి సెమీటోన్‌లో మూడో వంతు కన్నా తక్కువ. దానికి తోడు సింథ్‌లో పారామీటర్ స్మూతింగ్ (ఒక విలువ నుంచి ఇంకోదానికి నున్నగా జారే ఏర్పాటు) ఉంటే ఇక మెట్లు వినిపించవు. ఇంకో లాభం కూడా ఉంది, తిప్పేటప్పుడు చెయ్యి పొరపాటున హద్దు దాటి సౌండ్ మూసుకుపోవడం ఉండదు.

హోస్ట్‌లో గీసిన ఆటోమేషన్‌కి (పాటలో ఎక్కడ ఎంత మారాలో ముందే గీసి పెట్టుకునేది) ఈ సమస్య ఎందుకు లేదంటే, అది మిడీ గుండా పోదు. వీఎస్‌టీ అనే రకం ప్లగిన్‌లో ప్రతి పారామీటరూ 0కీ 1కీ మధ్య దశాంశ సంఖ్య. అందుకే రికార్డింగ్‌లో నున్నగా వినిపించిన స్వీప్ చేత్తో తిప్పితే గరుకుగా ఉంటుంది.

తీగమీటు
> మంద్రం రాసింది: ఒక్కో మెట్టు దాదాపు ఒక సెమీటోన్

ఈ లెక్క చూశాక నా పాత రికార్డింగులన్నీ మళ్లీ విన్నాను, నిజమే! మరి పిచ్ బెండ్‌లో (స్వరాన్ని పైకీ కిందికీ వంచే చక్రం) ఈ మెట్లు ఎందుకు వినిపించవు? దాంతో గమకాలు కూడా బాగానే పలుకుతాయి కదా.

మంద్రం
పిచ్ బెండ్‌కి మొదటి నుంచీ 14 బిట్లు కేటాయించారు, అంటే 16,384 విలువలు. చెవి పిచ్ తేడాని ఎంత బాగా పట్టుకుంటుందో మిడీ రాసినవాళ్లకి బాగా తెలుసు. చాలా సింథ్‌లలో బెండ్ పరిధి అటూ ఇటూ 2 సెమీటోన్లుగా ఉంటుంది. గమకానికి అది చాలకపోతే 12కి పెంచుకోండి. అప్పటికీ ఒక్కో మెట్టు ఒక సెంట్‌లో (సెమీటోన్‌లో నూరో వంతు) ఆరో వంతు కూడా ఉండదు. అయితే చవక కంట్రోలర్ల చక్రం అన్ని విలువలూ పంపదు, అది వేరే సంగతి.

మామూలు నాబ్‌లకీ 14 బిట్ల దారి ఉంది. కంట్రోల్ సందేశాలకి నంబర్లుంటాయి, వాటినే సీసీ అంటారు. సీసీ 0 నుంచి 31 వరకు ఉన్నవాటికి 32 నుంచి 63 వరకు జతలున్నాయి. రెండూ కలిపి పంపితే 14 బిట్లు. ఎన్‌ఆర్‌పీఎన్ అనే సందేశాలు ఇంకో దారి. కానీ కంట్రోలర్, హోస్ట్, సింథ్ మూడూ ఒప్పుకోవాలి. అందుకే ఎక్కువమంది వాడరు. 2020లో వచ్చిన మిడీ 2.0లో కంట్రోలర్ విలువకి 32 బిట్లున్నాయి. దాన్ని వాడే పరికరాలు మెల్లగా వస్తున్నాయి.

ఒక్కో స్వరానికి విడిగా గమకం కావాలంటే 2018లో ప్రమాణంగా ఆమోదం పొందిన ఎంపీఈ అనే మిడీ పద్ధతి చూడండి. అందులో నొక్కిన ప్రతి నోటూ సొంత మిడీ ఛానల్‌లో పోతుంది. తీగకి తీగ విడిగా లాగినట్టే ఉంటుంది. నేను సింథ్ ఎంచుకునేటప్పుడు ముందు అడిగేది ఎంపీఈ ఉందా అనే.

నాదబిందు
మంద్రం గారూ, కటాఫ్ పరిధి బిగించాను. మెట్లు పోయాయి! ఇంత సులువని అనుకోలేదు. పాతతీగ గారూ, నా కంట్రోలర్‌లో ఎండ్‌లెస్ మోడ్ లేదు. పికప్‌తో సర్దుకోవాలా?

పాతతీగ
పికప్ కన్నా మంచి దారి ఉంది. నాబ్‌ని నేరుగా కటాఫ్‌కి కలపకుండా మాక్రోకి (ఒకేసారి కొన్ని సెట్టింగులని కదిపే సింథ్‌లోని నాబ్) కలపండి. సింథ్‌లలో సీరమ్ మొదటి వెర్షన్‌లో, వైటల్‌లో నాలుగేసి మాక్రోలుంటాయి, మాసివ్‌లో ఎనిమిది. ఏ మాక్రో ఏం చెయ్యాలో ప్రీసెట్‌లోనే రాసి ఉంటుంది. ఒక ప్రీసెట్‌లో మొదటి మాక్రో కటాఫ్‌ని తెరుస్తుంది, ఇంకోదాంట్లో అదే మాక్రో డిస్టార్షన్ పెంచి, రివర్బ్ తగ్గిస్తుంది. మీ చేతికి మాత్రం "మొదటి నాబ్ అంటే వెలుతురు" అని ఒకటే అలవాటవుతుంది. సెట్‌లోని ప్రతి ప్రీసెట్‌లోనూ మాక్రోలన్నిటినీ సున్నాలో పెట్టి సేవ్ చెయ్యండి. పాట మారేముందు నాబ్‌లన్నీ ఎడమ చివరికి తిప్పేస్తే దూకడం అనేదే ఉండదు.

ఇంకోటి. మిడీ లెర్న్ రెండు చోట్ల ఉంటుంది, హోస్ట్‌లో ఒకటి, ప్లగిన్‌లో ఒకటి. రెండు చోట్లా ఒకే నాబ్‌ని కలిపితే ఒక కదలికకి రెండు పారామీటర్లు కదులుతాయి, ఎక్కడ తప్పిందో వెతకడం నరకం. ఒకచోటే పెట్టుకోండి. ప్లగిన్‌లో పెట్టుకుంటే ఆ మ్యాపింగ్ ఎక్కడ సేవ్ అవుతుందో చూసుకోండి. కొన్నిట్లో ప్రాజెక్టుతో పాటు సేవ్ అవుతుంది, కొన్నిట్లో ఆ కంప్యూటర్‌కి మాత్రమే. ల్యాప్‌టాప్ మారిస్తే రెండో రకం మాయమవుతుంది.

సాఫ్ట్ సింథ్‌లో వందల నాబ్‌లు కనబడతాయి కాబట్టి అన్నీ చేతికి అందాలనిపిస్తుంది. 1970లో వచ్చిన మినీమూగ్‌కి ప్రతి పనికీ ఒక నాబ్ ఉండేది. 1983 నాటి యమహా డీఎక్స్7కి అన్నిటికీ కలిపి ఒకే డేటా స్లైడర్, మిగతావన్నీ బటన్లు. సౌండ్ తయారు చెయ్యడం కష్టమై చాలామంది ఫ్యాక్టరీ ప్రీసెట్లే వాయించారు. అయినా వాళ్ల వేళ్లు, మాడ్యులేషన్ చక్రం, పెడల్ కలిసి ఎంతో పలికించాయి. స్టేజీ మీద బాగా తెలిసిన నాలుగు నాబ్‌లు చాలు.

ఉచితరాగం
డాంగిల్ గురించి నా మాట కూడా చెప్పాలి. డబ్బు పెట్టి కొన్నవాడే డాంగిల్ మోస్తాడు, పోర్టు వదులుకుంటాడు, పోగొట్టుకుంటే బాధ పడతాడు. కొననివాడికి ఈ బాధలేవీ లేవు. నాకు ఇది మొదటి నుంచీ అన్యాయంగానే అనిపిస్తుంది. పెద్ద కంపెనీలే వదిలేస్తున్నాయి. లాజిక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ని తయారు చేసిన ఎమాజిక్‌ని 2002లో ఆపిల్ కొంది. 2007లో లాజిక్ 8తో ఎక్స్‌ఎస్‌కీ డాంగిల్ తీసేశారు. అటారీ కంప్యూటర్ల రోజుల నుంచీ డాంగిల్ అడిగిన క్యూబేస్ కూడా (ఇదీ రికార్డింగ్ సాఫ్ట్‌వేరే) 2022లో 12వ వెర్షన్‌తో దాన్ని వదిలేసింది.

తాళంచెవి
మీ కోపం అర్థమవుతోంది. కానీ ఇంకో వైపు కూడా ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే చిన్న కంపెనీ ఏళ్ల తరబడి ఒక ఫిల్టర్ మోడల్ మీద పనిచేస్తుంది. విడుదలైన వారంలో అది ఉచితంగా తిరుగుతుంటే వాళ్లు రెండో సింథ్ రాయలేరు. మంచి సింథ్ రావాలంటే రాసేవాళ్లు బతకాలి. సీరియల్ నంబర్‌తోనే బాగా నడుస్తున్న కంపెనీలున్నాయి నిజమే, అందరికీ అది కుదరదు.

సంగీతకారుడి వైపు నుంచి కూడా డాంగిల్‌కి ఒక లాభం ఉంది. ల్యాప్‌టాప్ చచ్చిపోతే డాంగిల్ పీకి, ముందే ఇన్‌స్టాల్ చేసి పెట్టుకున్న ఇంకో ల్యాప్‌టాప్‌లో పెడితే చాలు, నెట్ అక్కర్లేదు. కంప్యూటర్‌లోకి యాక్టివేట్ చేస్తే ఆ లైసెన్సు చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌లోనే ఇరుక్కుంటుంది, కంపెనీకి రాసి విడిపించుకోవాలి.

తీగమీటు
నాకు జరిగింది చెప్తాను. పేరు వద్దు గానీ, ఒక చిన్న కంపెనీ సింథ్ ఆన్‌లైన్ యాక్టివేషన్‌తో కొన్నాను. దాని పాడ్ సౌండ్ (నెమ్మదిగా పరుచుకునే నేపథ్య సౌండ్) అంటే నాకు ప్రాణం. ఆ కంపెనీ మూతపడింది, సర్వర్ ఆగిపోయింది. కంప్యూటర్ మార్చాక ఆ సింథ్ మళ్లీ తెరుచుకోలేదు. దానితో చేసిన పాటలన్నీ ప్రాజెక్టులుగానే ఉన్నాయి, ఆ ట్రాక్‌లు ఖాళీ. అదే కాలంలో డాంగిల్‌తో కొన్న ఇంకో సింథ్ మాత్రం నెట్ లేకుండా ఇప్పటికీ తెరుచుకుంటోంది. అప్పటి నుంచీ డాంగిల్‌ని తిట్టడం మానేశాను.

ఉచితరాగం
అయ్యో, చాలా బాధాకరం. కానీ డాంగిల్ కూడా శాశ్వతం కాదు. అటారీ కార్ట్రిడ్జ్ పోర్టులో పెట్టే డాంగిల్‌ని, ప్రింటర్ పోర్టులో పెట్టే డాంగిల్‌ని ఇప్పుడు దేంట్లో పెడతాం? క్యూబేస్ తయారు చేసే స్టైన్‌బర్గ్ తన డాంగిల్ లైసెన్సులకి వాడిన ఈలైసెన్సర్ సేవ 2025 మేలో ఆగిపోయింది. డాంగిల్‌లో ఉన్న లైసెన్సు పనిచేస్తుంది, కానీ ఆ డాంగిల్ విరిగితే అందులోవి మార్చి ఇచ్చే సేవ ఇప్పుడు లేదు. ఆ డాంగిల్‌నే వాడిన వియన్నా సింఫొనిక్ లైబ్రరీ లాంటివాళ్లు ముందే ఐలాక్‌కి మారారు. లైసెన్సుతో సంబంధం లేకుండా పోయినవి కూడా ఉన్నాయి: 2019లో మ్యాక్ ఓఎస్ క్యాటలినా 32 బిట్ ప్రోగ్రాములని ఆపేసినప్పుడు ఎన్నో పాత సింథ్‌లు తెరుచుకోవడం మానేశాయి.

అందుకే నేను సర్జ్, వైటల్, డెక్సెడ్ అనే ఉచితంగా దొరికే సింథ్‌లు వాడతాను. సర్జ్ ఒకప్పుడు అమ్మిన సింథ్, 2018లో దాని కోడ్‌ని అందరికీ ఇచ్చేశారు. ఇప్పుడు దాన్ని వాడేవాళ్లే కలిసి పెంచుతున్నారు. డెక్సెడ్ అయితే డీఎక్స్7 సౌండ్ ఫైళ్లని అలాగే చదువుతుంది. నలభై ఏళ్ల కిందటి సౌండ్‌లు ఇవాళ తెరుచుకుంటున్నాయంటే వాటి ఫైల్ రూపం అందరికీ తెలిసి ఉండటమే కారణం.

పాతతీగ
ఇద్దరు చెప్పిందీ నిజం. అందుకే పాట పూర్తవగానే ప్రతి సింథ్ ట్రాక్‌నీ ఆడియోగా మార్చి దాచండి. ఎఫెక్ట్‌లతో ఒకటి, ఎఫెక్ట్‌లు లేకుండా ఒకటి. మిడీ ఫైల్ విడిగా. ప్రీసెట్‌ని కూడా ఎక్స్‌పోర్ట్ చేసి అదే ఫోల్డర్‌లో. సింథ్ రేపు తెరుచుకోకపోయినా పాట ఉంటుంది, ఇంకో సింథ్‌లో ఆ సౌండ్‌ని మళ్లీ కట్టడానికి వినడానికైనా ఒక నమూనా ఉంటుంది. తీగమీటు గారూ, మీ పాటల మిక్స్ ఆడియో ఉందా? ఉంటే పాడ్ ఒక్కటే వినిపించే చోటు ఇక్కడ పెట్టండి, కలిసి ప్రయత్నిద్దాం.

తీగమీటు
ఉంది! రెండు పాటల్లో మొదట్లో పాడ్ ఒక్కటే వస్తుంది. సాయంత్రం కొత్త చర్చగా పెడతాను. థాంక్స్ అన్నా.

నాదబిందు
ఇంత సమాచారం ఇస్తారని అనుకోలేదు. లైసెన్స్ మేనేజర్‌లో చూశాను, నా సింథ్ డాంగిల్‌నీ కంప్యూటర్‌నీ ఒప్పుకుంటోంది, పైగా రెండు యాక్టివేషన్లు ఉన్నాయి. అంటే ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి డాంగిల్‌లో పెట్టుకోవచ్చా?

తాళంచెవి
తప్పకుండా. స్టేజీకి అదే సరైన ఏర్పాటు. ల్యాప్‌టాప్‌లో ఒకటి, పోర్టులో ఏమీ అక్కర్లేదు. డాంగిల్ జేబులో, ఆపద్ధర్మంగా. రెండో ల్యాప్‌టాప్ దొరికితే అందులో ప్లగిన్, లైసెన్స్ మేనేజర్ రెండూ ముందే ఇన్‌స్టాల్ చేసి, డాంగిల్‌తో ఒకసారి తెరిచి చూడండి.

ప్రోగ్రామ్ అయ్యేవరకూ ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ చెయ్యకండి. లైసెన్సు చూసే సర్వీసు వెనకాల నడుస్తుంటుంది, పెద్ద అప్‌డేట్ తర్వాత అది మొరాయిస్తే సింథ్ తెరుచుకోదు. నెట్ ఆపేసి, రీస్టార్ట్ చేసి, సెట్ మొత్తం ఒకసారి వాయించండి. డాంగిల్‌తోనే వాయించాల్సి వస్తే దాన్ని నేరుగా పోర్టులో గుచ్చకుండా చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ వాడండి, చెయ్యి తగిలినా పోర్టు విరగదు. కొన్ని ప్లగిన్‌లు తెరిచేటప్పుడే లైసెన్సు అడుగుతాయి, కొన్ని మధ్యమధ్యలో కూడా అడుగుతాయి. మీది ఏ రకమో తెలియాలంటే ప్రాజెక్టు సేవ్ చేసి, ఆ ల్యాప్‌టాప్‌లోనే వాయిస్తూ డాంగిల్ పీకి చూడండి.

డాంగిల్ పాడైతే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. ఐలాక్‌కి జీరో డౌన్‌టైమ్ అనే ఏడాది కవరేజీ ఉంది, అది ఉంటే తాత్కాలిక లైసెన్సులు వస్తాయి. లేకపోతే ఒక్కో కంపెనీకీ విడివిడిగా రాసుకోవాలి. డాంగిల్‌లో ఎక్కువ లైసెన్సులుంటే కవరేజీ తీసుకోవడమే మంచిది.

నాదబిందు
అలాగే చేస్తాను. చివరి ప్రశ్న. నాలుగు మాక్రోలకి ఏ సీసీ నంబర్లు ఇవ్వాలి? ఇష్టమొచ్చినవి ఇవ్వొచ్చా?

పాతతీగ
కొన్ని వదిలెయ్యాలి. 1 మాడ్యులేషన్ చక్రం, 7 వాల్యూమ్, 11 ఎక్స్‌ప్రెషన్, 64 సస్టెయిన్ పెడల్, 0, 32 బ్యాంక్ మార్చడానికి. 120 నుంచి 127 వరకు అసలు ముట్టుకోకండి. 120 అంటే మొత్తం సౌండ్ ఆపెయ్యమని, 121 అంటే కంట్రోలర్లన్నీ మొదటి స్థితికి తెమ్మని, 123 అంటే నోట్లన్నీ వదిలెయ్యమని. వాటిలో ఒకటి నాబ్‌కి పడితే పాట మధ్యలో సౌండ్ ఆగిపోవచ్చు. 71ని రెజొనెన్స్‌కీ, 74ని కటాఫ్‌కీ వాడటం చాలా సింథ్‌లలో ఆనవాయితీ, ఎంపీఈలో కూడా 74కి వేరే పని ఉంది. మీరు 20 నుంచి 23 వరకు ఇచ్చుకోండి. వాటికి ముందే కేటాయించిన పనేమీ లేదు.

మంద్రం
20 నుంచి 23 ఇస్తే ఇంకో సౌకర్యం ఉంది. అవి 31 లోపలివి కాబట్టి, రేపు 14 బిట్ల కంట్రోలర్ కొన్నా వాటి జతలు 52 నుంచి 55. మ్యాపింగ్ మార్చక్కర్లేదు.